అటవీ పునరుద్ధరణకు పదేళ్ళ పద్దు: ఉత్తర తెలంగాణ అనుభవం

తెలంగాణలో అడవుల పునరుద్ధరణకు డబ్బు లేదన్న మాట ఇప్పుడు చెల్లదు. 2019 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ప్రత్యామ్నాయ వనీకరణ నిధి నుంచి 47,436 కోట్ల రూపాయలను రాష్ట్రాలకు విడుదల చేసినప్పుడు తెలంగాణ వాటాగా 3,110 కోట్లు వచ్చాయి. గ్రామ పంచాయతీ బడ్జెట్‌లో పది శాతంగా 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం నిర్దేశించిన హరిత పద్దు, గనులున్న జిల్లాల్లో జిల్లా ఖనిజ నిధి, ఉద్యోగులూ ప్రజాప్రతినిధులూ నెలనెలా చెల్లించే హరిత నిధి, ఉపాధి హామీ కింద వచ్చే కూలి దీనికి అదనం. ఇన్ని పద్దులుండగా పూర్వపు ఆదిలాబాదు, కరీంనగర్ జిల్లాల అడవి అంచుల్లో నాటిన మొక్క నిలిచిన చోట్లకంటె నాటినవారికీ దున్నేవారికీ మధ్య తగవు నిలిచిన చోట్లే ఎక్కువగా వార్తల్లోకి ఎక్కుతున్నాయి. లోపం మొత్తంలో లేదు. డబ్బు ఎంత కాలానికి ఇస్తున్నారు, ఎంత నేలను ఒకటిగా చూసి ఇస్తున్నారు, ఎవరి సమ్మతితో ఖర్చు పెడుతున్నారు అన్న మూడు విషయాల్లో ఉంది. వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఈ చర్చను అటవీ శాఖకు వదిలివేసి ఊరుకోవడం తగదు. ఉత్తర తెలంగాణలో అడవి ముగిసిన చోటే పత్తి చేను మొదలవుతుంది. చాలా చోట్ల ఆ రెండింటి మధ్య గట్టు కూడా లేదు.

ఈ నిధి ఎక్కడ పుట్టిందో మొదట గుర్తు చేసుకోవాలి. అటవీ భూమిని గనికో కాలువకో రహదారికో మళ్ళించినప్పుడు, ఆ భూమిని పొందిన సంస్థ ప్రత్యామ్నాయ వనీకరణకు అయ్యే ఖర్చుతోపాటు పోయిన అడవి నికర ప్రస్తుత విలువను కూడా చెల్లించాలి. 2016లో పార్లమెంటు చేసిన చట్టం ఈ సొమ్ములో 90 శాతాన్ని రాష్ట్రాలకు కేటాయించింది. నికర ప్రస్తుత విలువ కింద వచ్చిన దానిలో 80 శాతాన్ని అడవుల, వన్యప్రాణుల నిర్వహణకు ఖర్చు చేయాలని 2018 నాటి నియమాలు చెబుతున్నాయి. అంటే ఇది ప్రభుత్వం కనికరించి ఇచ్చిన గ్రాంటు కాదు, పోయిన అడవికి వచ్చిన పరిహారం. కాళేశ్వరం ఎత్తిపోతల పథకం ఒక్కదానికే 3,168 హెక్టార్ల అటవీ భూమి మళ్ళింది. సింగరేణి ఉపరితల గనులకు దశాబ్దాలుగా భూమి పోతూనే ఉంది. పోయిన అడవిలో పెద్ద భాగం గోదావరికి అటూ ఇటూ ఉన్న ఈ జిల్లాలదే. కాని పరిహారం రాష్ట్ర ఖాతాకు చేరిన తరువాత, నష్టపోయిన నదీ పరీవాహకానికే అది తిరిగి రావాలన్న నిబంధన ఏదీ లేదు. ప్రస్తుత కరీంనగర్ జిల్లా రాష్ట్రంలో అడవి అతి తక్కువగా మిగిలిన జిల్లాల్లో ఒకటి. అక్కడ 'అటవీ పునరుద్ధరణ' అంటే రోడ్ల పక్కన చెట్లు, ఊరి చివర పల్లె ప్రకృతి వనం అన్న అర్థమే స్థిరపడింది. అవి మంచివే గాని అడవికి ప్రత్యామ్నాయం కావు.

డబ్బు తక్కువ లేదని తేలాక, అది చేరే తీరును చూడాలి. ఈ నిధి కదిలేది వార్షిక కార్యాచరణ ప్రణాళిక మీద. రాష్ట్ర కార్యనిర్వాహక సంఘం ప్రణాళిక సిద్ధం చేస్తుంది, రాష్ట్ర మార్గదర్శక సంఘం దాన్ని ఆమోదిస్తుంది, ఆ తరువాత ఢిల్లీలోని జాతీయ ప్రాధికార సంస్థ అనుమతించాలి. పద్దు ఏప్రిల్‌లో తెరుచుకుని మార్చిలో మూతపడుతుంది. అడవి పంచాంగం వేరు. టేకు ఆకు మాఘ ఫాల్గుణాల్లో రాలి నేల మీద పరుచుకుంటుంది. అగ్గి రేఖలు అంతకుముందే, జనవరి నాటికే, శుభ్రం కావాలి. కందకాలు, రాతికట్టలు మృగశిరకు ముందే ముగియాలి. నాటడానికి జూన్ చివరి నుంచి జూలై వరకు దొరికే అదను నాలుగైదు వారాలు. కలుపు తీయడం, మొదలు చుట్టూ మట్టి గుల్ల చేయడం వానలు వెనకబట్టే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. అనుమతి శ్రావణంలో వస్తే ఆ ఏడు గుంటలు తవ్వే అదను పోయినట్టే. నిధి ఆర్థిక సంవత్సరం చివర విడుదలైతే అగ్గి రేఖల పని బూడిద మీద జరుగుతుంది. అదను తప్పిన సేద్యం అక్కరకు రాదని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అడవికి నిధులిచ్చే వ్యవస్థ మాత్రం ఆ సంగతిని ఇంకా నేర్చుకోవలసి ఉంది. నాటిన వనానికి కొన్నేళ్ళ సంరక్షణ ఖర్చు అంచనాల్లో చేరుతుంది, నిజమే. కాని అదీ ఏటేటా కొత్తగా మంజూరు కావలసిందే.

వార్షిక పద్దుకు మరొక దుర్గుణం ఉంది. ఒక్క ఏడాదిలో లెక్క చూపగలిగిన పనినే అది ప్రోత్సహిస్తుంది. నాటిన మొక్క ఆ లెక్కకు సులభంగా అందుతుంది. చిగురించిన మోడు అందదు.

ఉత్తర తెలంగాణ అడవి ప్రధానంగా దక్షిణాది పొడి ఆకురాల్చు టేకు అడవి. టేకు, నల్లమద్ది, చిరుమాను నరికినా మొదలు నుంచి పిలకలు వేస్తాయి. తునికి, మోదుగ వేళ్ళ నుంచే లేస్తాయి. పైకి బోడిగా కనిపించే గుట్ట మీద నేల అడుగున సజీవమైన వేళ్ళు అల్లుకుని ఉంటాయి. ఏటా మంటలకు కాలి, పశువుల మేతకు గురై, కట్టెల కోసం నరకబడి ఆ పిలక మోకాలెత్తు దాటదు. మూడు నాలుగేళ్ళు మంట రాకుండా, రెండేళ్ళు మేత పడకుండా కాపాడి, ఒక్కొక్క మోడుకు బలమైన ఒకటి రెండు పిలకలను ఉంచి మిగిలినవి కోసివేస్తే ఆ గుట్ట తనంతట తాను లేస్తుంది. నాటడంకంటె ఇది చౌక. వేరు పాతది గనుక ఎండను తట్టుకునే శక్తీ ఎక్కువ. నాటవలసినవి లేకపోలేదు. ఏగిస విత్తనం నుంచి నిలదొక్కుకోవడం కష్టం. నిర్మల్ బొమ్మలకు ప్రాణమైన పొణికి గింజ పెంకు మందం వల్ల మొలక సులభంగా రాదు; దాని కొరత ఆ బొమ్మల కళాకారుల ఉపాధినే దెబ్బ తీసింది. ఇలాంటి జాతులకు నర్సరీ కావాలి. లాంటానా కమ్మివేసిన చోట దాన్ని పీకివేయడానికి కూలీలు కావాలి. కాని పెద్ద భాగానికి కావలసింది మొక్క కాదు, కాపలా.

ఈ విషయం విధానకర్తలకు తెలియనిది కాదు. 2015 జూలైలో ప్రారంభమైన తెలంగాణకు హరితహారం లక్ష్యాలను చూస్తే అది స్పష్టమవుతుంది. 230 కోట్ల మొక్కల్లో అడవుల లోపలి వాటా 100 కోట్లు. అందులో నాటవలసినవి 20 కోట్లే, మిగిలిన 80 కోట్లు సహజ పునరుత్పత్తి ద్వారా రావాలని పథకం పత్రమే చెప్పింది. ఆలోచన శాస్త్రీయం. ఆచరణలో ఫొటోకు నిలబడింది మాత్రం ఆ ఇరవై కోట్లే. మంత్రి వచ్చి నీరు పోయడానికి మొక్క కావాలి; మోడు ముందు నిలబడి ఎవరూ రిబ్బను కత్తిరించరు.

కొలత కూడా ఈ తప్పుకు తోడ్పడుతోంది. 2021 అటవీ స్థితి నివేదిక ప్రకారం తెలంగాణలో అటవీ ఆచ్ఛాదన 21,214 చదరపు కిలోమీటర్లు. రెండేళ్ళలో 632 చదరపు కిలోమీటర్ల పెరుగుదల. సంతోషించదగిన సంఖ్యే. అయితే అందులో అతి దట్టమైన అడవి 1,624 చదరపు కిలోమీటర్లు కాగా, పలుచని అడవి 10,471. ఒక హెక్టారు నేలలో పది శాతం నీడ పడితే, జాతి ఏదైనా, యజమాని ఎవరైనా, ఉపగ్రహ చిత్రం దాన్ని అటవీ ఆచ్ఛాదనగానే లెక్కిస్తుంది. జగిత్యాల మామిడి తోటా, నీలగిరి తోటా ఆ నిర్వచనంలో ఇమిడిపోతాయి. ఆ లెక్కను నమ్ముకుని పునరుద్ధరణ నిధుల ఫలితాన్ని తేల్చడం, తూకం వేయకుండా పంట దిగుబడి చెప్పడం వంటిది.

పునరుద్ధరణలో ప్రజలను కలుపుకునే ప్రయత్నం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలైంది. వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. 1994 నుంచి ప్రపంచ బ్యాంకు రుణంతో అటవీ ప్రాజెక్టు, 2002 నుంచి సామాజిక అటవీ యాజమాన్య ప్రాజెక్టు నడిచాయి. ఆదిలాబాదు వాటిలో ముఖ్యమైన జిల్లా. సమితులు గట్టిగా పనిచేసిన గ్రామాల్లో గుట్టలు పచ్చబడ్డాయన్నది కాదనలేని నిజం. కాని రుణం ముగిసిన తరువాత చాలా సమితులు కాగితం మీదనే మిగిలాయి. కూలి ఉన్నంత కాలం కాపలా ఉంది, కూలి ఆగిన నాడు కాపలా ఆగింది. సమితికి అడవి మీద చట్టబద్ధమైన హక్కు లేదు. ఉన్నది శాఖ ఇచ్చిన అనుమతి మాత్రమే. అంతకంటె లోతైన గాయం మరొకటి ఉంది. కొన్ని చోట్ల పోడు చేలనే సమితి పరిధిలోకి చేర్చి మొక్కలు నాటించారు. దున్నుకునే వాడి నేలను అతని పొరుగువాడి చేతనే కంచె వేయించిన ఆ పని 'భాగస్వామ్యం' అన్న మాటకే చెడ్డ పేరు తెచ్చింది. ఆ పేరు ఇప్పటికీ పోలేదు.

నిజానికి ఈ అవిశ్వాసానికి వేళ్ళు ఇంకా లోతున ఉన్నాయి. నిజాం ప్రభుత్వం రిజర్వు అడవుల హద్దులు గీసినప్పుడు గోండు, కోలాం పల్లెలు చెదిరిపోయాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగిన తరువాతనే హైమెన్‌డార్ఫ్ పరిశీలనకు, కొన్ని పట్టాలకు దారి ఏర్పడింది. 1940వ దశకం నుంచి సిర్పూర్ కాగితపు మిల్లు ఈ అడవుల వెదురును మింగింది. అడవిని తగ్గించినవారు ఒకరు, దాన్ని తిరిగి పెంచే భారం మోయవలసినవారు మరొకరు అన్న భావన గూడేల్లో స్థిరపడటానికి కారణాలు కావలసినన్ని ఉన్నాయి.

2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం సార్సాలలో జరిగినది ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది. మొక్కలు నాటేందుకు నేల సిద్ధం చేయడానికి వెళ్ళిన అటవీ సిబ్బందిపై దాడి జరిగింది. మహిళా రేంజి అధికారి తీవ్రంగా గాయపడ్డారు. విధి నిర్వహణలో ఉన్న అధికారిపై కర్ర ఎత్తడం ఏ వాదంతోనూ సమర్థనీయం కాదు. దోషులపై కేసులు పెట్టడం సబబే. కాని కేసుతో ప్రశ్న ముగియదు. ఆ నాటకం కాళేశ్వరానికి మళ్ళిన అడవికి ప్రత్యామ్నాయంగా తలపెట్టినదని నాటి వార్తలు తెలిపాయి. ఆ పథకం నీరు సార్సాల చేలకు రాదు. దాని పరిహార వనం మాత్రం సార్సాలకు వచ్చింది. అది రిజర్వు అడవి అని శాఖ వాదన. తాము దున్నుకుంటున్న నేల అని గ్రామస్థుల వాదన. ట్రాక్టరు రాకముందు ఈ రెండు వాదనలు ఒక గ్రామసభలో ఎదురెదురుగా కూర్చున్నాయా అన్నదే అసలు ప్రశ్న.

భూమి తగవు ప్రత్యామ్నాయ వనీకరణను దేశమంతటా వెంటాడుతోంది. 2006 నుంచి 2012 వరకు అటవీ శాఖలకు రావలసిన 1,03,381 హెక్టార్ల అటవీయేతర భూమిలో చేతికందినది 28,086 హెక్టార్లేనని కాగ్ 2013 నివేదిక లెక్క తేల్చింది. కొత్త భూమి దొరకనప్పుడు ఒత్తిడి క్షీణించిన అడవి మీద పడుతుంది. క్షీణించిన అడవి అంటే ఆచరణలో చాలా సార్లు ఎవరో ఒకరు దున్నుతున్న అడవి.

2025లో ఇదే కథ పెద్ద కొలతలో కనిపించింది. తడోబా, కవ్వాల్ అడవుల మధ్య పులుల రాకపోకల దారిని కాపాడేందుకు ఆసిఫాబాదు జిల్లాలో దాదాపు 1,500 చదరపు కిలోమీటర్లను కుమ్రం భీము కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ మే 30న జీవో 49 వెలువడింది. ఆదివాసులు ఆందోళనకు దిగారు. జూలై 21న ప్రభుత్వం ఆ ఉత్తర్వును నిలుపుదల చేసింది. పులుల దారి అవసరమైనదే. వన్యప్రాణి శాస్త్రం దృష్టిలో అంత విశాలమైన భూభాగాన్ని ఒకటిగా చూడడమూ సరైనదే. కాని ఉత్తర్వు ముందు, సంప్రదింపు తరువాత అన్న క్రమంలో వచ్చిన మంచి ఆలోచన రెండు నెలలైనా నిలవలేదు.

ఇక్కడ అటవీ అధికారుల అభ్యంతరాన్ని తేలికగా తీసుకోరాదు. సమ్మతి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఈలోగా కొత్త నరుకుడు సాగిపోతుందని, ఒక్కొక్క బీటు అధికారి వందల హెక్టార్లను ఒంటరిగా కాయలేడని వారి మాట. 2005 డిసెంబరు 13 తరువాత కొట్టిన పోడుకు అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత హక్కు లేదు. ఆ గీతను పట్టుదలతో నిలబెట్టవలసిందే. ప్రతి ఎన్నికకూ ఆ గీత జరుగుతుందన్న ఆశ పుట్టించడం అడవికి రాజకీయం చేసిన అపకారాల్లో పెద్దది. అయితే ఒంటరి బీటు అధికారి సమస్యకు సమాధానం మరో బీటు అధికారి కాదు, అతని పక్షాన నిలిచే ఊరు. ఊరు నిలవాలంటే దానికి ఆ అడవిలో వాటా ఉండాలి. 2018 నియమాలు గ్రామసభతో గాని వన సంరక్షణ సమితితో గాని 'సంప్రదింపు' కోరుతున్నాయి. సంప్రదింపు వేరు, సమ్మతి వేరు. పైగా గ్రామసభకు బదులు సమితిని పిలిచి సంతకం తీసుకునే వెసులుబాటు ఆ 'గాని' అన్న మాటలోనే ఉంది.

పెద్ద విస్తీర్ణం, దీర్ఘ కాలం, ఉమ్మడి నిర్ణయం మూడింటినీ నిధుల చట్టంలోనే బిగించిన ఉదాహరణ ఒకటి అమెరికాలో ఉంది. 2009లో అక్కడ చేసిన చట్టం సహకార పద్ధతిలో అటవీ భూభాగాల పునరుద్ధరణకు ప్రత్యేక నిధిని ఏర్పరచింది. దరఖాస్తు చేసే భూభాగం కనీసం 50,000 ఎకరాలు, అంటే 200 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉండాలి. కవ్వాల్ కోర్ ప్రాంతంలో నాలుగో వంతుకు అది కొంచెం తక్కువ. వ్యూహం పదేళ్ళకు తక్కువ కారాదు. స్థానిక పక్షాలు ముందుగా ఒక మాట మీదకు వచ్చి ప్రతిపాదన తేవాలి. పనులకూ పర్యవేక్షణకూ అయ్యే ఖర్చులో సగం వరకే ఆ నిధి భరిస్తుంది; మిగిలినది ఇతర పద్దుల నుంచి, భాగస్వాముల నుంచి రావాలి. పని మొదలైన తరువాత కనీసం 15 ఏళ్ళు బహుళ పక్షాలు కలిసి ఫలితాలను కొలవాలి. తగవు పడితే డబ్బు రాదు గనుక, దశాబ్దాల పాటు కోర్టుల్లో కొట్టుకున్న కలప వ్యాపారులూ పర్యావరణవాదులూ ఒక బల్ల చుట్టూ కూర్చోక తప్పలేదు. అంతా సజావుగా సాగిందని కాదు. అరిజోనాలోని అతి పెద్ద ప్రాజెక్టులో, పలుచన చేసిన సన్నకర్రను కొనే మిల్లులు లేక పని ఏళ్ళ తరబడి వెనుకబడింది. అక్కడి నమూనాను ఇక్కడ యథాతథంగా నాటడమూ కుదరదు. అక్కడ బల్ల చుట్టూ కూర్చునేవారు ప్రయోజనాలున్న పక్షాలు. ఇక్కడ గూడెంలో ఉన్నవారు చట్టం గుర్తించిన హక్కుదారులు. వారిని వచ్చిన అతిథుల్లా ఆహ్వానించడం కాదు, వారి ఇంటి గుమ్మం ముందు అనుమతి అడగడం కావాలి.

ఆ హక్కు నిధితో కలిసినప్పుడు ఏమవుతుందో చూడడానికి ప్రాణహిత దాటితే చాలు. గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా గ్రామానికి 2009లో దాదాపు 1,800 హెక్టార్ల మీద సామూహిక అటవీ వనరుల హక్కు లభించింది. 2011లో వెదురు రవాణా అనుమతి పత్రాలు ఇచ్చే అధికారం కూడా గ్రామసభ చేతికి వచ్చింది. వెదురు అమ్మిన సొమ్ములో కొంత తిరిగి అడవి పనికే మళ్ళింది. ఆదిలాబాదు గోండులు ఆ జిల్లా గోండులకు బంధువులే. అడవీ అదే అడవి. ఇవతలి ఒడ్డున మాత్రం 2023 జూన్ 30న ఆసిఫాబాదులో ప్రారంభించి పంచిన పట్టాలు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పోడు భూమికి సంబంధించిన వ్యక్తిగత హక్కులు. అది అవసరమైన పని, ఆలస్యమైన పని. సామూహిక హక్కు విషయంలో అంతటి కదలిక రాలేదు. వ్యక్తికి చేను దక్కింది, ఊరికి అడవి దక్కలేదు. పునరుద్ధరణ దృష్టితో చూస్తే ఈ అసమతౌల్యం ప్రమాదకరం. చేనును పెంచుకునే ప్రోత్సాహం ఉండి అడవిని పెంచుకునే ప్రోత్సాహం లేని చోట ఏది పెరుగుతుందో చెప్పనవసరం లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే కడెం వాగు పరీవాహకం తగిన చోటు. బోథ్ ఎత్తుల్లో పుట్టి, కుంటాల జలపాతంగా దూకి, కవ్వాల్ అడవిని ఒరుసుకుని గోదావరిలో కలిసే ఈ వాగు పాత ఆదిలాబాదు జిల్లా లోపలే ఒక సంపూర్ణ భూభాగం. 2016 అక్టోబరులో జిల్లాల విభజనతో అది పలు జిల్లాల పాలన కిందకు చీలింది. పునరుద్ధరణ పద్దు దాన్ని తిరిగి ఒకటిగా చూడాలి. 1958లో కడెం ఆనకట్ట పైనుంచి వరద పొర్లి తెగింది. 2022 జూలైలో గేట్ల విడుదల సామర్థ్యాన్ని మించిన వరద వచ్చి ప్రాజెక్టు త్రుటిలో తప్పించుకుంది. అంతటి కుండపోతను ఏ అడవీ ఆపలేదు. ఆపుతుందని చెప్పడం శాస్త్రం కాదు. కాని సాధారణ వానల్లో జలాశయంలోకి కొట్టుకు వచ్చే ఒండ్రుకూ, ఎగువన వాలు మీద అడ్డదిడ్డంగా దున్నిన పత్తి చేలకూ సంబంధం ఉన్న సంగతి నేల సంరక్షణ చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు. ఎగువన ఇచ్చోడ, ఉట్నూరు గూడేల గోండు రైతూ, దిగువన దండేపల్లి, లక్షెట్టిపేట వరి రైతూ ఒకే నీటికి రెండు చివరలు. ఇద్దరూ ఒక ప్రణాళికలో ఎన్నడూ కలవలేదు.

అలాంటి పరీవాహకానికి పదేళ్ళ పద్దు ఒకటి ముందుగానే కేటాయించి, ఏటా మంజూరు బదులు ఏటా సమీక్ష ఉండేలా చేయడానికి కొత్త చట్టం అక్కరలేదు. 2016 చట్టం కింద రాష్ట్రం తన వార్షిక ప్రణాళికలను ఒక దీర్ఘకాలిక ప్రణాళికకు ముడివేసుకుంటే చాలు. మొదటి ఏడాది డబ్బు మొక్కలకు కాదు, హద్దులకు ఖర్చు కావాలి: ఏ గుట్ట ఎవరిది, ఏ పోడు 2005కు ముందుది, ఏ మేత బాట ఎటు పోతుంది అన్నవి గ్రామసభలో తేలి పటం మీదకు ఎక్కాలి. ఆ ఏడాది లెక్కలో నాటిన మొక్కల సంఖ్య సున్నాగా కనిపిస్తుంది. ఆ సున్నాను సహించగల ఓపిక ఆర్థిక శాఖకు ఉండాలి. గనుల జిల్లాల ఖనిజ నిధిలో పర్యావరణ పరిరక్షణ ప్రాధాన్య రంగమే గనుక మంచిర్యాల, పెద్దపల్లి నిధుల నుంచి వాటా అడగడం న్యాయం. కూలి పనిని ఉపాధి పథకం భరించగలదు. ప్రస్తుతం ఒక్కొక్క పద్దుకు ఒక్కొక్క దస్త్రం, ఒక్కొక్క అధికారి, ఒక్కొక్క తనిఖీ; ఒకే కందకాన్ని రెండు పద్దులు కొలవడం, ఒకే మంటను ఏ పద్దూ ఆర్పకపోవడం దాని ఫలితం.

వ్యవసాయ విశ్వవిద్యాలయం పాత్ర అడవి అంచు దగ్గర మొదలవుతుంది. పోడు పట్టా అందుకున్న రైతు ఆ వాలు నేలలో ఏమి వేస్తాడన్నది పక్కన ఉన్న అడవి భవిష్యత్తును నిర్ణయిస్తుంది. ప్రస్తుతం వేస్తున్నది ఎక్కువగా పత్తి. పత్తికి ఎండ పూర్తిగా కావాలి గనుక చేనులోని ఇప్ప, మొర్రి, నల్లమద్ది మోళ్ళు ఏటా నరుకుడుకు గురవుతాయి. అదే నేలలో కంది, జొన్న కలిపి వేసి గట్ల మీద ఇప్ప, మొర్రి, ఉసిరి నిలిపితే ఆదాయం ఎంత తగ్గుతుంది, ఎన్నేళ్ళకు పూడుతుంది అన్న ప్రశ్నకు ఆదిలాబాదు పరిశోధన స్థానం క్షేత్ర ప్రయోగాలతో జవాబు ఇవ్వాలి. ఆ మధ్యకాలపు నష్టాన్ని పునరుద్ధరణ నిధే భరించాలి. ఎకరాకు నిలిపిన మోళ్ళ లెక్కన రైతుకు ఏటా చెల్లింపు జరగాలి. సాగు పెట్టుబడికి ఎకరానికి ఇంత అని ఇవ్వగలిగిన ప్రభుత్వానికి చేనులో చెట్టుకు ఇంత అని ఇవ్వడం అసాధ్యమైన లెక్క కాదు. వన్యప్రాణి కోణం కూడా ఇక్కడే కలుస్తుంది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోగా వాటిలో ఒకదానిది విషప్రయోగమని తేలింది. అదే ఏడాది నవంబరులో అదే మండలంలో పత్తి ఏరుతున్న ఒక యువతి పులి దాడిలో మరణించింది. పులి దారీ పత్తి సాలూ ఒకటైన చోట పంట ఎంపిక అనేది ఆదాయ ప్రశ్న మాత్రమే కాదు, ప్రాణ ప్రశ్న.

అగ్గి విషయంలోనూ విస్తరణ శాస్త్రజ్ఞులకు పని ఉంది. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాల్చడం, తునికికి లేత చిగురు రావాలని పొద తగలబెట్టడం అజ్ఞానంతో చేసే పనులు కావు; వాటి వెనుక కూలి లెక్క ఉంది. చెట్టు కింద పరచడానికి వలలు, పొద కొట్టడానికి కూలి సకాలంలో ఇస్తే అగ్గి అవసరం తగ్గుతుంది. తునికాకు కల్లం పెట్టే వేసవి నాటికి మాట్లాడితే ఆలస్యమే. సంక్రాంతి తరువాతి వారాల్లో ఊళ్ళలో కూర్చోవాలి.

ఇక కొలత. శాఖ నాటి, శాఖే లెక్కించి, శాఖే నివేదించే పద్ధతి మారాలి. ములుగులోని అటవీ కళాశాల విద్యార్థులు, బెల్లంపల్లి, ఆదిలాబాదు కృషి విజ్ఞాన కేంద్రాల సిబ్బంది, గ్రామసభ ఎంపిక చేసిన యువకులు కలిసి ఏటా శీతకాలంలో స్థిరమైన నమూనా గడుల్లో లెక్క తీయవచ్చు. గడి ఒక్కింటికి మనిషి ఎత్తు దాటిన పిలకలు ఎన్ని, అందులో జాతులు ఎన్ని, కాలిన గుర్తు ఉన్నవి ఎన్ని అన్న మూడు అంకెలు చాలు. వాటిని గోండిలో, కోలామీలో చదివి వినిపించగలిగినవారు ఆ బృందంలో ఉండాలి. మొదటి లెక్క వచ్చే శీతకాలం, ఆకు రాలకముందే, కడెం ఎగువన ఒక్క గూడెంలో మొదలైనా చాలు. దానికి ఏ జీవో కోసమూ ఆగవలసిన పని లేదు.